ఏమనగా

మా ఆఫీసులో ఎవరికీ రాయడం రాదని ఊళ్ళో ఒక అపవాదు ఉంది. అది పచ్చి అబద్ధం. మాకు రాయడం బ్రహ్మాండంగా వచ్చు. మొదలుపెట్టడమే రాదు.

మాది గ్రామీణ తాగునీటి కార్యాలయం. నా పేరు జగ్గారావు. ఇక్కడ గుమాస్తాగా చేరి ఇరవై ఎనిమిదేళ్ళు కావస్తోంది. చేరిన కొత్తలో తెల్లకాగితం చూస్తే భయం వేసేది. ఇప్పుడు గౌరవం కలుగుతోంది. పొద్దున్నే వచ్చి బల్ల మీద కాగితం పెడతాను. ఎడమవైపు మార్జిను మడుస్తాను. కలం పనిచేస్తోందో లేదో అరచేతి మీద గీసి చూస్తాను. "పై విషయమును పురస్కరించుకొని" అని ఎత్తుకోవాలా, "పై విషయమునకు సంబంధించి" అని ఎత్తుకోవాలా అని ఆలోచనలో పడతాను. ఈలోగా భోజనాల వేళవుతుంది. భోజనం చేసి వచ్చాక మార్జిను సరిగ్గా లేదనిపిస్తుంది.

ఇలా ప్రశాంతంగా సాగిపోతున్న కార్యాలయానికి కిందటేడు మార్చి నెలలో ఒక సోమవారం ఎర్నమ్మ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. అర్జీ ఎవరిచేతో రాయించుకుని, కింద వేలిముద్ర వేసి తెచ్చింది.

"బాబూ, మాది గెడ్డవలస. మా ఊరి బోరింగు పాడైపోనాది. ఇరవై రోజులుగా గెడ్డకెల్లి నీళ్ళు తెత్తన్నాం. మైలు దూరం. గెడ్డ కూడా ఎండిపోతంది. ఒక మనిసిని పంపించి బాగు సేయించండి బాబూ."

ఇది చాలా చిన్న పని. బోరింగు మెకానిక్ తవిటినాయుడు మా ఆఫీసు వరండాలోనే, పనిముట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. నా బల్లకీ ఆ వరండాకీ మధ్య ఇరవై రెండు అడుగులు. ఖాళీ దొరికినప్పుడు కొలిచాను. ఎర్నమ్మ తిన్నగా అతని దగ్గరికే వెళ్ళి అడిగింది.

"రానంటానా అమ్మా? ఇప్పుడే వొత్తాను. కానీ ఆఫీసు కాయితం ఉండాల," అన్నాడు తవిటినాయుడు. "కాయితం లేకుండా ఎల్తే నా వుజ్జోగం ఊడిపోద్ది."

ఆ కాగితం రాయవలసినవాణ్ణి నేను. ఒక్క వాక్యం. "వచ్చే సోమవారం రామ్మా, మొదలుపెడతాను," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ వారంలోనే మా మీదికి తనిఖీ వచ్చింది. పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి బీరువా తెరిపించి, నాలుగువందల పన్నెండు ఫైళ్ళు తిరగేశాడు. ప్రతి ఫైలులోనూ చక్కగా మార్జిను మడిచిన తెల్లకాగితం ఒకటి ఉంది. తర్వాత ఆయన పంపిన నివేదిక "అంతేకాక" అనే మాటతో మొదలైంది. మొదటి పేరా ఎలా ఎత్తుకోవాలో తెలియక రెండో పేరాతో మొదలుపెట్టాడన్నమాట. మావాడే అని మాకు ఎంతో సంతోషం వేసింది.

నివేదిక వెనకాలే ఉత్తర్వులొచ్చాయి. మా అధికారి దివాకరం గారు మమ్మల్నందర్నీ నిలబెట్టి చదివి వినిపించారు. దివాకరం గారు ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ఉత్తర్వుల భాషలోనే అడుగుతారని ప్రతీతి.

"సిబ్బందియందు ప్రారంభ జడత్వము అను రుగ్మత ప్రబలియున్నట్లు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చియున్నది. సదరు రుగ్మతను యుద్ధప్రాతిపదికన నిర్మూలించు నిమిత్తము మూడు దినముల శిబిరము నిర్వహింపవలెను. శిబిర కాలమందు సిబ్బంది ఎట్టి పనియు ప్రారంభింపరాదు."

చివరి షరతు మాకు కష్టమనిపించలేదు.

శిబిరానికి రాజధాని నుంచి డాక్టర్ హేమచంద్ర అనే నిపుణుడు వచ్చాడు. రచన మొదలుపెట్టడం మీద ఆయన తొమ్మిది ఉపన్యాసాలు ఇచ్చాడట. పుస్తకం కూడా రాస్తున్నాడట, ఇంకా మొదలుకాలేదు. పొడుగు లాల్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని మాట్లాడేవాడు.

"ఫ్రెండ్స్! మీలో ప్రతి ఒక్కరిలోనూ ఒక నది ఉంది. దానికి మీరే ఆనకట్ట కట్టుకున్నారు. ఆ ఆనకట్ట తీసేయండి!"

దివాకరం గారు వెంటనే పక్కనున్న కాగితం మీద గుర్తు రాసుకున్నారు. "నదులు, ఆనకట్టలు మన శాఖ పరిధిలోకి రావు. నీటిపారుదల వారి అనుమతి పొందవలెను."

మొదటిరోజు అభ్యాసం ఏమిటంటే, కలం ఎత్తకుండా పది నిమిషాలు ఏది తోస్తే అది రాయాలి. తప్పొప్పులు చూడకూడదు, ఆగకూడదు. ఆఫీసు కాగితాలు తలా ఒకటి పంచారు. నా పక్క బల్ల కూర్మనాథం "ఏం రాయాలో తెలియడం లేదు" అని నలభై ఏడుసార్లు రాసి, చివర్లో "టీలో చక్కెర లేదు" అని ముగించాడు. డాక్టర్ గారు ఆ కాగితం పైకెత్తి, కళ్ళు తుడుచుకుని, ఇదే అసలైన రచన అన్నారు.

చిక్కెక్కడ వచ్చిందంటే, ఆఫీసు కాగితం మీద రాసింది ఏదైనా సరే దస్త్రమే. దస్త్రానికి నంబరు వెయ్యాలి. నంబరు వేశాక చర్య తీసుకోవాలి. టీలో చక్కెర లేమి మీద ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం ఏర్పడింది. కూర్మనాథానికి ఏం రాయాలో తెలియకపోవడం మీద నలభై ఏడు ఫైళ్ళు తెరిచారు.

ఇక నా సంగతి. ఆ పది నిమిషాల్లో నాకేమయిందో తెలియదు. కలం దానంతట అదే కదిలింది. "గెడ్డవలస బోరింగు పాడైంది. తవిటినాయుణ్ణి పంపడమైనది." అని రాసేశాను. ఇరవై ఆరేళ్ళలో నేను తేదీ కాకుండా మరోటి రాయడం అదే మొదలు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, కళ్ళనీళ్ళు తిరిగాయి. కాగితం పట్టుకుని వరండా వైపు పదకొండు అడుగులు వేశాను కూడా.

"ఆగండి," అన్నారు దివాకరం గారు.

ఎందుకంటే డాక్టర్ గారు అప్పుడే రెండో సూత్రం చెప్పారు. మొదటి ప్రతి చెత్తగా ఉండాలి, ఉండి తీరాలి, బాగా రాయాలనే భయమే మనల్ని మొదలుపెట్టనివ్వదు అన్నారు. ఆయన ఆ మాట మా ధైర్యం కోసం అన్నారు. దివాకరం గారు దాన్ని నిబంధనగా మార్చారు. "మొదటి ప్రతి విధిగా అధమముగా ఉండవలెను. అట్లున్నదని అధికారి ధ్రువీకరించిన పిదపనే రెండవ ప్రతి చేపట్టవలెను."

ఆయన నా కాగితం కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి చూశారు.

"జగ్గారావు గారూ, ఇది అర్థమవుతోందేమిటండీ?"

"పొరపాటైందండి."

"ఒక్క తప్పూ లేదు. చదవగానే విషయం తెలిసిపోతోంది. తిన్నగా ఆఖరి ప్రతికి వెళ్ళిపోదామనుకున్నారా? నియమాలు మీకు వర్తించవా?"

వెనక్కి తెచ్చి పాడుచేయడం మొదలుపెట్టాను. బోరింగును భోరింగు చేశాను. "అర్థమవుతోంది," అని తిప్పి పంపారు. గెడ్డవలసను వాక్యం చివరికి తోశాను. "ఇంకా అర్థమవుతోంది." తవిటినాయుణ్ణి తీసేసి "తత్సంబంధిత" అని పెట్టాను. "ఆశాజనకంగా ఉంది," అన్నారు. నాలుగు రోజులు శ్రమించాక ఆయన ముఖం వికసించింది. "శుద్ధ అధమము" అని రాసి ముద్ర కొట్టారు. రెండో ప్రతి రాద్దామని కూర్చుంటే, అది దేని గురించో నాకే తెలియలేదు.

ఎర్నమ్మ ప్రతి సోమవారం వస్తూనే ఉంది. ఏప్రిల్ వచ్చేసింది. ఒకసారి అర్జీ మీద వేలిముద్రకు బదులు వంకరటింకరగా సంతకం పెట్టింది.

"మా ఊళ్ళో పెద్దోళ్ళకి బడెట్టినారు బాబూ. నానూ ఎల్తన్నాను. అచ్చరాలన్నీ వొచ్చీసినాయి. ఇప్పుడు గుణింతాలు," అంది సిగ్గుపడుతూ. "బోరింగు సంగతేటైంది?"

"మొదటి ప్రతి పూర్తయిందమ్మా. చాలా చెత్తగా వచ్చింది," అన్నాను.

నేను మెచ్చుకోలుగా చెప్పానో, క్షమాపణగా చెప్పానో ఆవిడకి అర్థం కాలేదు. అడుగంటిన గెడ్డలో చెంబుతో తోడుకుని బిందె నిండడానికి గంట పడుతోందని చెప్పి వెళ్ళిపోయింది. ఆవేళ నాకు అన్నం సహించలేదు. మేం ఒక్క వాక్యం మొదలుపెట్టేలోగా ఆ ముసలమ్మ అక్షరాలు ముగించేసింది.

శిబిరం ఫలితాలు చూసి పై ఆఫీసు వారు కంగారుపడ్డారు. మొదలుపెట్టడం అనేది అంత నైపుణ్యం గల పని అయినప్పుడు దాన్ని అందరిమీదా రుద్దడం దేనికి, ప్రత్యేక విభాగానికి అప్పగిస్తే పోలేదా అనుకున్నారు. అలా మా ఆఫీసులో శ్రీకార విభాగం వెలిసింది. ప్రతి కాగితానికీ మొదలు అక్కడే పెడతారు. తక్కిన విషయం సంబంధిత గుమాస్తా నింపుకోవాలి. నలభై ఏడుసార్లు ఒకే వాక్యాన్ని మొదలుపెట్టిన అనుభవం ఉంది కనక కూర్మనాథాన్ని శ్రీకారాధికారిగా వేశారు. ఆయన బల్ల మీద కొత్త గుడ్డ పరిచారు.

తొలిరోజే ఒక సందేహం పుట్టింది. ఉత్తర్వులో "ప్రతి లేఖకు శ్రీకారము చుట్టవలెను" అని ఉంది.

"చుట్టవలెను అన్నారు గానీ రాయవలెను అనలేదు. గమనించారా?" అన్నారు దివాకరం గారు.

"గమనించానండి," అన్నాడు కూర్మనాథం, గమనించకపోయినా.

"కావున శ్రీ అను అక్షరమును ముందుగా వ్రాసి, పిదప దాని చుట్టూ చుట్టవలెను. ఎన్ని చుట్లో ఉత్తర్వులో లేదు. గుళ్ళో ప్రదక్షిణలు మూడు కనుక, వేరే ఆదేశములు వచ్చువరకు మూడు."

ఆనాటి నుంచి కూర్మనాథం శ్రీ రాసి, ఎర్ర పెన్సిలుతో దాని చుట్టూ మూడు చుట్లు చుట్టేవాడు. చుట్టు మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటినుంచి. రోజుకి ఆరు కాగితాలు తెమిలేవి. శ్రీ కింద విషయం, సూచిక, ఆ కింద అసలు ఎత్తుగడ: "పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా". అక్కడితో శ్రీకార విభాగం పని అయిపోతుంది. నంబరు పడుతుంది. దివాకరం గారి సంతకం, గుండ్రటి ముద్ర కాగితం అడుగున ముందే పడిపోతాయి. మధ్యలో ఖాళీ.

మే నెల మొదటివారంలో గెడ్డవలస కాగితం అలా సర్వాలంకారాలతో నా బల్ల మీదికి వచ్చింది. నాకు ప్రాణం లేచివచ్చింది. మొదలు ఎవరో పెట్టేశారు. ఇక నేను రాయడమే. కలం తీసి, "ఏమనగా" పక్కన పెట్టబోయాను.

"మాస్టారూ, ఏం చేస్తున్నారు?" అని కేక పెట్టాడు కూర్మనాథం. "ఏమనగా తర్వాత వచ్చే మొదటి మాట ఏమిటి? విషయానికి మొదలు కదా! మొదలుపెట్టే అధికారం మా విభాగానిది."

"అయితే నువ్వే రాయి బాబూ."

"నేనెలా రాస్తాను? విషయం మీది."

ఇద్దరం దివాకరం గారి దగ్గరికి వెళ్ళాం. ఏమనగా తర్వాతి మాట విషయంలో భాగమా, ప్రారంభంలో భాగమా? ఇది చిన్న ప్రశ్న కాదు, తామొక్కరే తేల్చేది కాదు అన్నారు. వివరణ కోరుతూ పై ఆఫీసుకు లేఖ పంపారు. ఆ లేఖ కూడా శ్రీకార విభాగం నుంచే వెళ్ళింది కనక "తమకు తెలియజేయునది ఏమనగా" దగ్గరే ఆగి వెళ్ళింది. పన్నెండు రోజులకి జవాబు వచ్చింది. పైన శ్రీ. దాని చుట్టూ ఏడు చుట్లు, పై ఆఫీసు కదా. విషయం, సూచిక. "తమ లేఖను కూలంకషముగా పరిశీలించిన మీదట తమకు తెలియజేయునది ఏమనగా". కింద సంతకం.

"అదీ! పై ఆఫీసు వారు కూడా మన అభిప్రాయంతో ఏకీభవించారు," అన్నారు దివాకరం గారు.

రెండ్రోజులకి సోమవారం. ఎర్నమ్మ వచ్చింది. ఈసారి మెట్లు ఎక్కి, నా బల్ల అంచు పట్టుకుని కాసేపు రొప్పుతూ నిలబడింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కూజాలోంచి నీళ్ళిస్తే రెండు గ్లాసులు తాగింది. తర్వాత ఆవిడ చూపు బల్ల మీది కాగితం మీద పడింది. వేలు పెట్టి కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది.

"గె... డ్డ... వ... ల... స. మా ఊరే! తె... లి... య... జే... యు... న... ది. ఏ... మ... న... గా." ఆగింది. ఖాళీలో వేలు ఆడించింది. "ఏమనగా అంటే ఏటి బాబూ?"

"ఏమనగా అంటే... ఏమిటంటే అని."

"ఏటంటే?"

"ఆ. ఏటంటే."

"మరి ఏటంట?"

ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట మా ఆఫీసు గోడల మధ్య తిరుగుతోంది గానీ, దాన్ని ప్రశ్న అనుకున్నవాళ్ళు లేరు.

"ఏటంటే అని రాసీసి ఊరుకుంటారేటి? అవతలోడు ఏటనుకుంటాడు?" అంది ఎర్నమ్మ. ఆవిడకు కోపం వచ్చింది. అది నాకు తెలుస్తూనే ఉంది. "మూడు నెల్లుగా నాను సెప్తన్నది అదే కదా. ఇలా ఇచ్చీండి."

నా చేతిలో కలం తీసుకుంది. ఆపవలసినవాణ్ణి నేనే. ఆపలేదు. ఆపడం కూడా మొదలుపెట్టాలి కదా. కూర్మనాథం అప్పుడు ఒక శ్రీ చుట్టూ రెండో చుట్టులో ఉన్నాడు, తల ఎత్తే వీలు లేదు. ఎర్నమ్మ నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం కాగితంలోకి దిగేలా నొక్కి రాసింది.

"ఏమనగా బోరింగు పాడైపోనాది. తవిటినాయుడ్ని పంపీండి."

కాగితం తీసుకుని ఇరవై రెండు అడుగులు నడిచి, వరండాలో తవిటినాయుడి చేతిలో పెట్టింది. అతను పైనుంచి కిందకి చూశాడు. శ్రీ ఉంది, మూడు చుట్లు ఉన్నాయి. నంబరు ఉంది. సంతకం, ముద్ర ఉన్నాయి. మధ్యలో తన పేరు ఉంది. అతను లేచాడు. తవిటినాయుడు అంత పొడుగు మనిషని నేను అప్పుడే చూశాను.

లోపల తోలు వాషరు అరిగిపోయిందట. నలభై నిమిషాల్లో మార్చేసి సాయంత్రానికి మళ్ళీ వరండాలో కూర్చున్నాడు. చొక్కా ఇంకా తడిగానే ఉంది.

వారం తర్వాత సంగతి దివాకరం గారి దాకా వెళ్ళింది. నన్ను పిలిపించారు. ఆయన ముఖం అంత పాలిపోగా నేనెప్పుడూ చూడలేదు.

"జగ్గారావు గారూ, గెడ్డవలస ఫైలు మన రికార్డు ప్రకారం పెండింగులో ఉంది. అవునా?"

"అవునండి."

"ఫైలు పెండింగులో ఉండగా నీళ్ళెలా వస్తాయండీ?"

"వచ్చేస్తున్నాయండి."

"ఏమనగా తరువాత ఒక ప్రైవేటు వ్యక్తి వ్రాసినది. అదియును వాడుక భాషలో! అధమ ప్రతి లేదు, ధ్రువీకరణ లేదు." ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. "ఇది ఇట్లే వదిలిన జనమంతా తమ పనులు తాము మొదలుపెట్టుకొందురు. ఆ పిదప మనమెందుకు? కావున సదరు బోరింగును తక్షణమే పూర్వస్థితికి, అనగా పాడైన స్థితికి, తీసుకురావలెనని తవిటినాయుడికి ఉత్తర్వు వ్రాయండి. వివరణ వచ్చిన తరువాత క్రమపద్ధతిలో బాగుచేయింతము. ఇది అత్యవసరం. శ్రీకారం ఇప్పుడే చుట్టించండి."

కూర్మనాథం అన్ని పనులూ పక్కన పెట్టి చుట్టాడు. గంటలో కాగితం నా బల్ల మీద ఉంది. నంబరు, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. "తెలియజేయునది ఏమనగా". ఆ తర్వాత నాలుగు మాటలు పడితే చాలు. వరండాలో తవిటినాయుడు ఉన్నాడు, కాగితం ఇస్తే కాదనలేడు. అతని ఉద్యోగం అలాంటిది.

నేను కలం మూత తీశాను. అరచేతి మీద గీసి చూశాను. ఏం రాయాలో నాకు స్పష్టంగా తెలుసు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలుసు, అదే మొదటిసారి. మూత పెట్టేశాను.

ఆ తర్వాతి సోమవారం ఎర్నమ్మ వచ్చింది. అర్జీ లేదు. చేతిలో మూతపెట్టిన స్టీలు చెంబు ఉంది.

"మా బోరింగు నీళ్ళు బాబూ. తియ్యగుంటాయి. మీరు రాసుకునే మనుసులు, గొంతు తడుపుకుని రాసుకోండి," అని చెంబు ఆ కాగితం మీదే, శ్రీ దగ్గర పెట్టింది. కాగితం వైపు చూసి, "ఇదేటి, మా ఊరి పేరే ఉంది? ఇందులో కూడా ఏటంటే అని ఆపీసినారు. నన్ను రాయమంటారా?" అంది.

"వద్దమ్మా. ఇది నేనే చూసుకుంటాను," అన్నాను.

ఇది జరిగి ఏడాదిన్నర అయింది. కాగితం నా బల్ల మీదే ఉంది. దాని మీద చెంబు గుండ్రంగా అంటిన మరక కూడా ఉంది, చూసినవాళ్ళు నాలుగో చుట్టు అనుకుంటారు. దివాకరం గారు ప్రతి సోమవారం వచ్చి నా వెనక నిలబడతారు.

"ఎంతవరకు వచ్చిందండీ?"

"ఏమనగా దాకా వచ్చిందండి."

"సంతోషం. తొందరేమీ లేదు, పద్ధతిగా వ్రాయండి," అని వెళ్ళిపోతారు.

నేను కాగితం సర్ది, మార్జిను మరోసారి మడుస్తాను. నా సర్వీసులో నేను రాయని కాగితాలు చాలా ఉన్నాయి. ఇంత మనసుపెట్టి రాయనిది మాత్రం ఇదొక్కటే.